ఎనిమిది బారల తాడు

నర్సింగ్ కార్టన్ కట్టుకోవడానికి తాడు అడిగాడు. మామూలు తాడు కాదు, దుబాయ్ తాడు. ఊళ్లోవాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి, ఖతర్ నుంచి వెళ్లినా అది దుబాయ్ తాడే. పెట్టె విప్పాక దాన్ని పారేయొద్దని, పెరట్లో దండెం కట్టుకుంటానని భార్య మాలతి ఉత్తరంలో మరీ మరీ రాసింది.

"జర మంచిది సూడు లింబాద్రీ. ఎండకు చీకిపోనిది," అన్నాడు నర్సింగ్.

లింబాద్రి దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. అల్ ఖోర్‌ రేవులో తన అర్బాబు, అంటే యజమాని, పడవకున్న లంగరు తాడు. ఆ పడవను నడిపేదీ, కడిగేదీ, కాసేదీ అతనే. ఇద్దరిదీ ఒకే ఊరు, పోచంపాడు డ్యాం నీళ్లలో కలిసి వలలేసిన ఈడు. అలాంటివాడు నాలుగేళ్లకు ఇల్లు చేరబోతూ నోరు తెరిచి అడిగితే తాడు దగ్గర వెనకాడతామా? పది బారల్లో ఎనిమిది కోసి, తనే వల ముడులు వేసి కార్టన్ కట్టాడు. మిగిలిన రెండు బారలు పడవను గట్టుకు కట్టడానికి చాలు. శనివారం కొత్తది కొందామనుకున్నాడు. మనం అనుకున్నవన్నీ శనివారానికే వాయిదా పడతాయి, ముంచుకొచ్చేది మాత్రం శుక్రవారమే వస్తుంది.

షఫీ ఊరుకోలేదు. కడపవాడు, ఆ అర్బాబు ఇంట్లోనే డ్రైవరు. "అన్న రేపు ఊరికి పోతాండాడు. నాలుగేండ్లు సముద్రం పక్కనుండి ఒక్కసారన్నా పడవెక్కకపోతే ఎట్లబ్బా? అర్బాబును అడిగినాలే, యల్లా పొండి అన్నాడు."

తాడు సంగతి చెప్పడానికి లింబాద్రికి నోరు రాలేదు. అర్బాబు తాడు కోశానని ఏ మొహంతో చెబుతాడు?

ముగ్గురూ పడవలో ఉత్తరంగా వెళ్లారు. అక్కడ సముద్రం సన్నటి పాయగా మారి మడచెట్ల మధ్యకు చొచ్చుకుపోతుంది. రోడ్డు లేదు, ఇల్లు లేదు. నాలుగేళ్లూ వెస్ట్ బేలో భవనాలు కట్టే పనిలో సిమెంటు తప్ప చూడని నర్సింగ్ పడవ అంచున కూర్చుని నీళ్లలో కాళ్లాడించాడు. అతన్ని చూస్తే లింబాద్రికి కడుపు నిండింది.

పాయలోని ఇసుకదిబ్బ పక్కన లంగరు వేశాడు. పని నేర్పిన బలూచీ ముసలాయన మొదటిరోజే చెప్పాడు, లోతుకు ఐదింతల తాడు వదలమని, ఇక్కడి నీళ్లు రోజుకు రెండుసార్లు లేస్తాయని. పోచంపాడులో ఆ బాధ లేదు. రాయి అడుగుకు ఆనితే పడవ పొద్దుటిదాకా అక్కడే ఉంటుంది. ఇప్పుడు లోతు బారన్నర, చేతిలో ఉన్నది రెండు బారలు. లంగరు ఆనింది. ఒక్క గంటే కదా, కన్నేసి ఉంచుదామనుకున్నాడు.

కన్నేసి ఉంచినవాడెవడు? దిబ్బ మీద కోడికూర ఉడుకుతోంది. తను ఇక్కడికి వచ్చాక పుట్టిన బిడ్డ తనను చూసి ఏడుస్తుందా, దగ్గరికొస్తుందా అని నర్సింగ్ పదోసారి అడుగుతున్నాడు. నవ్వుకుంటూ తిన్నారు. నీళ్లు చప్పుడు లేకుండా పెరిగాయి.

"అన్నా, పడవ!" అన్నాడు షఫీ.

లంగరు అడుగు వదిలేసింది. ఎడారి గాలి పడవను పాయ మూతి వైపు నెడుతోంది.

"రేపు పొద్దుగాల నా ఫ్లైటురా!" అంటూ నర్సింగ్ దూకాడు. వెనకే లింబాద్రి. సగం దూరం పోయేసరికి లింబాద్రికి రెక్కలు పడిపోయాయి. నర్సింగ్ వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వు మర్లిపో. నేను వట్టుకొస్త."

లింబాద్రి మర్లిపోయాడు. దిబ్బ ఎక్కి, వగరుస్తూ తిరిగి చూసేసరికి పడవ ఒక్కటే కనిపించింది.

సాయంత్రం చేపలవాళ్లు వచ్చి మిగిలిన ఇద్దరినీ ఎక్కించుకున్నారు. నర్సింగ్ మూడోరోజు మడచెట్ల వేళ్లలో దొరికాడు. పోలీసులు అడిగితే పడవ గాలికి కొట్టుకుపోయిందన్నాడు లింబాద్రి. తాడు గురించి ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

శవంతో పాటు కార్టన్‌నూ పంపుతారట. నర్సింగ్ ఉండిన లేబర్ క్యాంపులో గుమాస్తా, లోపలేముందో రాసుకోవాలి, విప్పమన్నాడు. ఎవరో కత్తి తెచ్చారు.

"కొయ్యకురి!" అని లింబాద్రి అరిచిన అరుపుకి అందరూ ఉలిక్కిపడ్డారు.

కూర్చుని ముడి వెంట ముడి తనే విప్పాడు. అవి అతను వేసిన ముడులే. లోపల ఒక రగ్గు, టేపు రికార్డరు, గులాబీ రంగు చిన్న బూట్లు. గుమాస్తా రాసుకుని వెళ్లిపోయాడు. తాడు లింబాద్రి ఒళ్లో ఉంది. చేతులు చాచి కొలిచాడు. కొలిచి చేసేదేముంది? ఎనిమిది బారలు. ఒక్క పోగు కూడా తెగలేదు.

షఫీ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేముందన్నా? గాలి ఎవరి మాట వింటాది?"

ఆ చేత్తోనే తనను కొట్టినా బాగుండేది. లింబాద్రి కార్టన్ మూసి, అదే తాడుతో, అవే ముడులతో మళ్లీ గట్టిగా కట్టాడు. మాలతి దండేనికి దాచుకుంటుంది. మంచి తాడు, ఎండకు చీకిపోదు.