బతికున్న ఎలుక

అయినా మరిది చదువురానివాడా అంటే కాదు, డిప్లొమా చేసినవాడు, ఫ్రిజ్ తలుపు మీద అంతంత అక్షరాలతో రాసి అంటించి వెళ్ళింది కదా, ముందురోజే పాము మేతకని ఉంచిన చచ్చిన ఎలుకని ఫ్రీజర్లోంచి తీసి కింది అరలో పెట్టు, సాయంత్రం సంచితో సహా గోరువెచ్చని నీళ్ళలో ఉంచు, పొట్ట నొక్కి చూడు, లోపల గట్టిగా తగిలితే ఇంకాసేపు ఆగు, మైక్రోవేవ్ జోలికి పోకు, తడి తుడిచి పట్టకారుతో అందించు, తినకపోతే పారెయ్, మళ్ళీ గడ్డకట్టించకు, చేతులు సబ్బుతో కడుక్కో, బతికున్నదాన్ని మాత్రం పాము పెట్టెలో వదలకు, ఆ ఆఖరి మాట కింద రెండు గీతలు కూడా గీసింది కినాంతి, సరిగ్గా ఆ పనే చేశాడు మరిది గిలాంగ్, సంతలో ఎలుకని కొనుక్కొచ్చి పెట్టెలో పడేసి కాఫీ కొట్టుకి పోయాడు, తను కెదిరిలో రెండు రోజుల శిక్షణ ముగించుకుని ఈ పొద్దున ఇంటికొచ్చేసరికి ఎలుక దర్జాగా మూల కూర్చుని మూతి తుడుచుకుంటోంది, ఆరేళ్ళుగా పెంచుకున్న కొండచిలువ జెనాంగ్ ఉండచుట్టుకుని వణుకుతోంది, వీపు మీద మూడు గాట్లు, కుడికంటి పక్కన నెత్తురు.

పశువుల ఆసుపత్రికి పోతుంటే మలాంగ్ ఊరి రోడ్డు గుంతల్లో సర్వీసు వ్యాన్ ఎగిరినప్పుడల్లా ఒళ్ళో పెట్టె కదులుతోంది, పక్కన వీడు, పైగా నోరొకటి, పామన్నాక వేటాడాలి వదినా, శవాలు మేపితే దానికి పౌరుషం ఎక్కణ్ణుంచొస్తుంది అని, పౌరుషమట, కుబుసం విడిచే ముందు కళ్ళు మసకేసిన పాముకి ఎదురుగా ఏముందో కూడా ఆనదని తెలీదూ, ఆకలి లేని పాము దగ్గర ఆకలేసిన ఎలుకని వదిలితే ఎవరు ఎవర్ని తింటారు, నోర్ముయ్ గిలాంగ్, ఇంకొక్క మాట మాట్లాడితే ఇక్కడే దింపేస్తా అంటే ఎదుటి సీటులో ముసలమ్మ పెట్టెలో ఏముందమ్మా అంది, పామని చెప్పగానే తర్వాతి మలుపులోనే దిగిపోయింది.

పశువుల డాక్టరమ్మ లస్త్రి గాట్లు కడిగి మందు రాసి, కన్ను సంగతి కుబుసం విడిచాక గాని చెప్పలేనంది, ఇంతకీ వదిలిందెవరు అని అడిగితే గిలాంగ్ పెట్టె మూత సర్దసాగాడు, చెప్పు, చెప్పవేం, ఇందాకటి పౌరుషం ఏమైంది అని కినాంతి గద్దించింది, అప్పుడు వాడు, నువ్వు రాసినట్టే చేశా వదినా, నీళ్ళలోంచి తీసి పొట్ట నొక్కా, మెత్తగా తగిలింది, వాంతయింది, ఇక ముట్టుకోలేకపోయా, బతికున్నదైతే డబ్బా వంచితే చాలుగా అన్నాడు, ఆ ముక్క ఫోన్లో ఏడవచ్చుగా అని అరిస్తే, చెప్తే నవ్వుతావుగా అన్నాడు, నవ్వడమేమిటి, తనెప్పుడు నవ్వింది, నవ్వింది, మొన్న రంజాన్ నెల ముగిసిన లెబరాన్ పండక్కి చుట్టాలందరి మధ్యా జెనాంగ్‌ని వాడి భుజాన వేస్తే వాడు కుర్చీ ఎక్కి కేకలు పెట్టాడు, వీడికి చీర కట్టండర్రా అంది తనే, ఇల్లంతా పొర్లి పొర్లి నవ్వింది, ఆ కథని ఆఫీసులో, పేరంటాల్లో, నిన్న కెదిరిలో భోజనాల దగ్గర కూడా చెప్పింది, వాడికి భయమని ఊరందరికీ తెలుసు, ఒక్క తనకే అది వేళాకోళం, తెలిసి తెలిసి ఆ భయస్థుడికే పెట్టె అప్పగించి, భయమేస్తోందని చెప్పుకునే దారి కూడా లేకుండా మూసేసి వెళ్ళింది, కోపం ఇంకా తగ్గలేదు, కాని అది ఇక వాడి మీద కాదు.