నడుములో సూది

"సంకటి ఉండలు కట్టిందే! మనసెక్కడ పెట్టి గెలికావు?" అంది అత్త, పళ్లెం వెనక్కి తోసేస్తూ.

ఎస్నాతి మనసంతా తలనొప్పి మీదే ఉంది. ఆసుపత్రి వెనక, రోగుల వెంట వచ్చిన ఆడవాళ్లు వండుకునే రేకుల షెడ్డులో, పొగలో కూర్చుని మొక్కజొన్న సంకటి గెలికిన ప్రతిసారీ కణతలు పగిలిపోయాయి. ఒక పొయ్యి రెండుగా కనిపించింది. చెబితే వినే తీరిక ఎవరికుంది? మంచం మీద ఉన్నది మొగుడు లామెక్. తలనొప్పి అని మూలిగే హక్కు అతనిది. మెడ బిగుసుకుపోయి, మతి తప్పిపోయి, పెళ్లాన్ని పట్టుకుని అమ్మా అంటున్నాడు. అతని ఒళ్లు తుడవాలి, తడిసిన గుడ్డలు మార్చాలి, బకెట్టు పట్టుకెళ్లి కుళాయి దగ్గర ఉతకాలి, అత్తకి వండి పెట్టాలి. నర్సులు సూదీ మందూ చూసుకుంటారు. మిగతాదంతా వెంట వచ్చిన ఆడదాని పని. మలావీ దేశంలోని ఈ జోంబా ఊళ్లో ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

హెచ్‌ఐవీ ముందు బయటపడింది ఆమెకే. కడుపుతో ఉన్నప్పుడు రక్తం పరీక్ష చేశారు గనక తెలిసింది. మాత్రల పుణ్యమా అని పాప ఏ జబ్బూ లేకుండా పుట్టింది, ఇప్పుడు అమ్మమ్మ దగ్గరుంది. కానీ ముందు తెలిసిన మనిషే జబ్బు తెచ్చిన మనిషైపోయింది. "మావాడికి అంటించిన మహాతల్లివి" అని అత్త ఇప్పటికీ దెప్పుతుంది. లామెక్ పరీక్షకే రాలేదు. "చర్చిలో పాట ఎత్తేవాణ్ణి, మాత్రల లైన్లో నిలబడమంటావా?" అన్నాడు. తీరా ఒళ్లు చిక్కిపోవడం మొదలయ్యాక చెయ్యి చాచాడు. "నీ డబ్బాలోదే నాకూ పెట్టు. మొగుడూ పెళ్లాలకి నీదీ నాదీ ఏంటే?" ఆమె పెట్టింది. ఒకరి మందు ఇద్దరు మింగారు. డబ్బా ముందే ఖాళీ అయ్యేది. క్లినిక్కులో తిడతారని ఎవరికీ చెప్పలేదు. కూర పంచినట్టు మందు పంచింది, పిచ్చి తల్లి. జబ్బు మాత్రం సగం సగం రాలేదు.

పొద్దున తియామికే అనే నర్సు వచ్చి విడమరిచి చెప్పింది. "మెదడు పొరల్లో బూజు లాంటిది చేరిందేమో అక్కా. నడుములో సూది పెట్టి నీళ్లు తీసి చూడాలి. తీస్తే తలలో ఒత్తిడీ తగ్గుతుంది. తియ్యకపోతే చూపు పోవచ్చు, మనిషే పోవచ్చు."

ఆ సూదంటే వార్డంతటికీ హడల్. పొడిపించుకున్నవాడు బతకడని చెప్పుకుంటారు. కొన ఊపిరి దాకా ఒప్పుకోరు, ఆనక మనిషి పోతే సూదినే తిడతారు. ఇక్కడ మేనమామ మాటే చెల్లుతుంది గనక, లామెక్ మేనమామ సైమోని పల్లె నుంచి వచ్చి వార్డులో దిగాడు.

"సూదీ లేదు, గీదీ లేదు. ఇంటికి తీసుకుపోయి ప్రార్థన పెట్టిద్దాం. అమ్మాయ్, గుడ్డలు సర్దు."

"మామయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను. నీళ్లు తియ్యనివ్వండి."

"వీణ్ణి పంపించేసి ఇంకొకణ్ణి చూసుకుందామనా?" అత్త లేచింది. "అంత మంచి సూదైతే నీ నడుములో పొడిపించుకో!"

ఎస్నాతి అత్త వైపు చూసింది. ఇద్దరు అత్తలు కనిపించారు. ఇంటికి వెళితే జరిగేది తెలుస్తూనే ఉంది. బోరింగు నుంచి నీళ్లు మొయ్యాలి, రాత్రీ పగలూ అతన్ని కనిపెట్టుకుని ఉండాలి, అతను పోయాక అదే చాప మీద తను పడుకోవాలి. తనకి సూది పెట్టించాలా వద్దా అని వాదించడానికి కూడా ఒక మనిషి ఉండడు. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. బతకాలనిపించింది. అలా అనిపించి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

"సిస్టర్," అంది, ఎదుటి మంచం దగ్గరున్న తియామికేతో. "నాకూ కొన్నాళ్లుగా ఇదే తలనొప్పి. పొద్దున్నించి మీరు ఇద్దరుగా కనిపిస్తున్నారు."

తియామికే గబగబా వచ్చి ఆమె మెడ వంచబోయింది. వంగలేదు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అక్కా?"

"ఎవరూ అడగలేదు. నాకు పెట్టండి సూది. నేను ఒప్పుకుంటున్నాను. నా మేనమామని పిలవక్కర్లేదు."

పక్కనే ఖాళీ మంచం చూపించారు. డాక్టరు వచ్చాడు. పక్కకి తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకోమన్నాడు. మంచం మీద ఒళ్లు వాల్చి ఎన్నాళ్లయిందో, దుప్పటి చల్లగా తగిలింది.

"నువ్వు పడుకుంటే వాణ్ణి ఎవరు చూస్తారు? ఇంటికెలా తీసుకుపోతాం?" సైమోని అరుస్తున్నాడు.

"నీ వెంట ఎవరున్నారు అక్కా?" అడిగింది తియామికే.

"ఎవరూ లేరు."

వీపు మీద తడి దూది తగిలింది. అంతలో పక్క మంచం మీంచి లామెక్ "అమ్మా" అన్నాడు. అలవాటు కొద్దీ ఆమె కాళ్లు కదిలాయి. ఆమె మోకాళ్లు ఇంకా గట్టిగా వాటేసుకుంది.

"అత్తా, నిన్నే పిలుస్తున్నాడు," అంది, గోడ వైపు చూస్తూ. "బకెట్టు మంచం కింద ఉంది."