అన్నీ నల్లసిరాలోనే

నా వ్యాసం రెండో ప్రతి తిరిగి చేతికొచ్చేసరికి నాలుగో పేజీలో ఒక వాక్యం కింద పెన్సిలు గీత, అంచున ఒక ప్రశ్న రాసి ఉంది. "ఈ వాక్యం ఎవరిది?" దాని కింద ఇంకో వరుస. "మీ నోట్సు కార్డులన్నీ తీసుకుని రేపు పదకొండింటికి నా గదికి రండి."

అంతకు ముందు నిమిషం వరకూ నా అంత సుఖపడేదాన్ని నేను ఎరగను. పెళ్లయి తొంభై మూడు రోజులు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తే నవ్వొచ్చే రోజులు. ఆయన తాళంచెవి తలుపులో తిరిగే చప్పుడుకి పరిగెత్తే రోజులు. అలాంటిదాన్ని ఆ రెండు వరుసలూ చదివి బెంచీ మీద అలాగే ఉండిపోయాను.

పక్కన కూర్చునేదాన్ని మేమంతా గడియారం అంటాం. ఏ క్లాసుకైనా అరగంట ముందే వచ్చి కూర్చుంటుంది. తను నా కాగితంలోకి తొంగి చూసింది.

"అయిపోయావే! పోయిన టర్ములో ఆ పొడుగాయన్ని కూడా ఇలాగే కార్డులు తెమ్మన్నారు. మళ్లీ క్లాసులో కనబడితే ఒట్టు."

"కాస్త ధైర్యం చెప్పొచ్చుగా?"

"ధైర్యం చెప్పడం నాకు రాదమ్మా. టైము చెప్పడమే వచ్చు. ఇప్పుడు ఒంటిగంట పది."

ఈ కోర్సు చెప్పే మేడమ్ మొదటి రోజే చెప్పారు, ఎవరి వాక్యాన్నయినా తన వాక్యంలా రాసుకుంటే కోర్సులోంచి తీసేస్తామని. నాకు మిగిలింది ఈ ఒక్క కోర్సే. ఇది పోతే డిగ్రీ పోయినట్టే.

నేను ఎవరి వాక్యమూ ఎత్తుకోలేదు. ఆ మాట గట్టిగా అనుకుంటూ సంచీలోంచి కార్డుల కట్ట తీశాను. రబ్బరుబ్యాండు విప్పి మొదటిది చూశాను, రెండోది చూశాను, పదోది చూశాను. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

నాకో పద్ధతి ఉండేది. పుస్తకంలోని మాట నీలంసిరాతో, నాకు తోచిన మాట ఆకుపచ్చసిరాతో. కార్డు మూలన పుస్తకం పేరుకి బదులు ఒక అంకె. నా వ్యాసం వేచి ఉండే గదుల గురించి. ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో జనం తమ వంతు కోసం ఎలా కూర్చుంటారు, ఎందుకు ఒక కుర్చీ వదిలి కూర్చుంటారు, అలాంటివి. మూడు పుస్తకాలు, రెండు పత్రికావ్యాసాలు చదివి నలభై కార్డులు రాసుకున్నాను. మూడు వారాల క్రితం ఒక పొద్దున ఆయన చెప్పిన ఏదో జోకుకి విరగబడి నవ్వి, మంచినీళ్ల జగ్గు నిండా వాటి మీద ఒలకబోశాను. నీలమూ ఆకుపచ్చా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అక్షరాలు కష్టపడి చదివేటంత మసకగా మిగిలాయి.

నేను ఏడుపు మొదలెట్టకముందే ఆయన ఆ తడికార్డుల్ని తువ్వాలులో చుట్టి తనతో పట్టుకుపోయాడు. ఆయన పని రక్తపరీక్షల ల్యాబ్‌లో. రెండు రోజులు మధ్యాహ్నం తిండి మాని, కొత్త కార్డుల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ తిరగరాసి తెచ్చాడు. ల్యాబ్‌లో నల్లపెన్ను తప్ప ఇంకోటి వాడరు. మూలనున్న అంకెలు నీళ్లలో పోయాయి కాబట్టి అవి రాయలేదు. పాతవి చెత్తబుట్టలో పారేశాడు. నేను ఆ కట్ట గుండెలకి హత్తుకుని ఇల్లంతా తిరిగానే తప్ప, ఏది ఎవరి మాటో ఇక తెలియదన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. నా మొదటి ప్రతిలో బలం చాలలేదని మేడమ్ అన్నారని, రెండో ప్రతి మొత్తం ఆ కార్డుల్లోంచే తీసి నింపాను.

అంటే నేను దొంగనో కాదో నాకే తెలియదు.

గ్రంథాలయానికి పరిగెత్తాను. ఆరింటికి మూసేస్తారు. ఐదు ఆధారాలూ బల్ల మీద పరిచి, ఒక్కో కార్డు పట్టుకుని ఒక్కో పేజీ వేలితో వెతుక్కుంటూ పోయాను. దొరికినదాని వెనక పుస్తకం పేరూ పేజీ అంకే రాశాను. దొరకనిదాన్ని పట్టుకుని, అది ఎక్కడ కూర్చుని రాశానో గుర్తు తెచ్చుకున్నాను. ఇది బస్సులో. ఇది జుట్టు ఆరబెట్టుకుంటూ. గుర్తొచ్చిన ప్రతిసారీ ప్రాణం లేచొచ్చింది. నాలుగున్నరకి ఒక కార్డు దొరికింది. రెండో పుస్తకం, నూట పన్నెండో పేజీ, అక్షరం పొల్లుపోకుండా. నా వ్యాసంలో మాత్రం అది కొటేషన్ గుర్తులు లేకుండా నా సొంత సొత్తులా దర్జాగా కూర్చుని ఉంది. ఐదింటికి అలాంటిదే ఇంకోటి.

"అమ్మాయ్, ఒంట్లో బాలేదా?" అంది లెక్చరర్లనీ పిల్లలనీ ఒకేలా హడలెత్తించే గ్రంథాలయం ఆవిడ.

"బానే ఉందండీ."

"బాగున్నవాళ్లు పుస్తకాన్ని అలా నలపరు. కాస్త మెల్లగా."

ఆరింటికి ఇరవై ఆరు కార్డులు పుస్తకాలవని, పద్నాలుగు నావని తేలింది. కట్టలో ఇంకో కార్డు మిగిలింది. రాసింది నలభై అయితే నలభై ఒకటి ఎలా అయ్యాయో అర్థం కాలేదు. దాని మీదున్నది సరిగ్గా మేడమ్ గీత గీసిన వాక్యమే. "పేరు పిలవగానే ప్రతి మనిషీ ముందు వెనక్కి తిరిగి చూస్తాడు, ఆ పేరు గలవాడు ఇంకొకడున్నాడేమోనని." ఏ పుస్తకంలోనూ లేదు. ఎక్కడ రాశానో గుర్తూ లేదు.

ఇంటికి వెళ్లేసరికి ఆయన రొట్టె కాలుస్తున్నాడు. నలుగురిలో మీరు, ఇద్దరమే ఉంటే నువ్వు అని మా ఒప్పందం. నాకదో పెద్ద సరదా. ఆ సాయంత్రం మాత్రం ఏమని పిలవాలో కూడా తోచలేదు. చెప్తే ఆయన రెండు రోజుల ఆకలి నా మెడకి ఉరైందని చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే రేపు పదకొండింటికి ఆ గదిలో నోరు పెగలదు.

"నువ్వు తిరగరాసిన కార్డుల్లో ఇదొకటి చూడు," అన్నాను చివరికి. "నా పాత కార్డులో ఇది ఏ రంగులో ఉందో గుర్తుందా?"

ఆయన చూసి, చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నువ్వు కనిపెట్టవనుకున్నా."

"ఏం కనిపెట్టను?"

"ఇది నీ కార్డు కాదు. ఒకటి ఖాళీగా మిగిలిపోతే నేనే రాశా. రోజూ తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచేది నేనే కదా. అందరూ అంతే చేస్తారు. నీ వ్యాసంలో నా ముక్క ఒకటి ఉంటే బాగుంటుందని..." ఆగాడు. "పెట్టుకున్నావా?"

"నాలుగో పేజీలో."

"నిజంగా? నచ్చిందా?"

అంత ఆనందంగా అడిగేసరికి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. అంతా చెప్పాను. వింటూ వింటూ ఆయన మొహం పాలిపోయింది. రొట్టె మాడిపోయింది.

"నేనొచ్చి ఆవిడతో చెప్తా. తప్పు నాదేనని."

"నువ్వొస్తే మొగుడి చేత రాయించుకుందనుకుంటారు! రావద్దు."

"పోనీ, ఆ వాక్యం ఒక్కటీ నీదేనను. నాకేం బాధ లేదు. మొత్తం నీకే ఇచ్చేశా."

అలా అనేయొచ్చు. ఆ ఆలోచన తెల్లారేవరకూ నన్ను వదల్లేదు. ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. మిగతా రెండూ కూడా ఆవిడ గీత గీయలేదు కాబట్టి చూడనట్టే. నోరు మూసుకుంటే చాలు. పట్టుబడకుండా బయటపడే దారి ఉందని తెలిశాకే నాకు అసలు భయం వేసింది.

పదకొండింటికి మేడమ్ గది తలుపు తట్టాను. బల్ల మీద నా వ్యాసం నాలుగో పేజీ దగ్గర తెరిచి ఉంది.

"కూర్చోండి. ఈ వాక్యం ఎవరిది?"

"మావారిదండీ."

ఆవిడ కళ్లజోడు తీసేశారు. నేను ఇక ఆగలేదు. నీళ్ల జగ్గు, తువ్వాలు, నల్లపెన్ను, ఖాళీ కార్డు అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "ఇదొక్కటే కాదండీ. మీరు గీత గీయనివి ఇంకో రెండున్నాయి. మూడో పేజీలో ఒకటి, ఆరో పేజీలో ఒకటి. రెండో పుస్తకంలోవి. నిన్నే దొరికాయి." కార్డులు బల్ల మీద పెట్టాను. సగం జారి కింద పడ్డాయి.

ఆవిడ వంగి ఏరారు. ఒక్కొక్కటీ తిప్పి, వెనకున్న పేజీ అంకెలు చూశారు.

"ఇది చిత్తుప్రతి," అన్నారు. "చివరి ప్రతిలో ఇలా కనబడితే మీ పేరు కొట్టేసేదాన్ని. అందులో సందేహం లేదు. ఆ రెండూ సరిచేయండి. కార్డులకి ఏం జరిగిందో ఒక పేజీ రాసి జతచేయండి. పది మార్కులు పోతాయి."

"పోనివ్వండి!"

"మార్కులు పోతుంటే అంత సంతోషపడిన వాళ్లని నేను చూడలేదు." ఆవిడ పెదవి కాస్త కదిలింది. "ఇక ఈ మూడోది. వాక్యం బాగుంది, అందుకే గీశాను. మీకు కావాలంటే ఆయన్ని సరిగ్గా ఇంటర్వ్యూ చేసి, తేదీ వేసి, ఆధారంగా చూపించండి. ఎన్నేళ్లుగా పేర్లు పిలుస్తున్నారో కూడా అడగండి. సోమవారంలోగా."

మెట్లు దిగుతూనే ఆయనకి ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

"కోర్సులో ఉంచారా, తీసేశారా?"

"ఉంచారు. పది మార్కులు కోశారు."

ఆయన ఏదో అనబోతుంటే నేనే అందుకున్నాను.

"నిన్ను ఇంటర్వ్యూ చెయ్యమన్నారు. సాయంత్రం ఆరింటికి, వంటింట్లో. తేదీ వేసి మరీ."

"నన్నా?" గొంతు మారిపోయింది. "నేనేం చెప్పాలి? తప్పు చెప్తే ఇంకో పది కోస్తారా?"

"ఏమో మరి. నిజమే చెప్పు."

"సరే... ఇదుగో, ఏ చొక్కా వేసుకోమంటావు?"