విచెంజాలో పరిచిన బొంత

ప్రొద్దుటూరులో సుబ్బరాయసెట్టి గొలుసుల కార్ఖానాలో పనోళ్లు సాయంత్రం ఇంటికి పోయేముందు తొట్టిలో కాళ్లూ చేతులూ కడుక్కుని పోవాల. ఒంటికంటిన బంగారు రజను ఆ నీళ్లలో దిగుతుంది. పొద్దున లోపలికి వచ్చేటప్పుడు మాత్రం సెట్టిది ఒకటే మాట. "చెప్పులతో పాటు పార్టీని గూడా గడప బయటే ఇడిసి రాండప్పా."

ఆ మాట ఎక్కువగా ఇద్దరికోసమే. గంగులయ్య, సంజీవయ్య ఒకరికొకరు వీపు పెట్టుకుని కూర్చుని గొలుసులు అతికేవాళ్లు. ఇద్దరిదీ జమ్మలమడుగు అవతల ఒకటే ఊరు. ఒకరిది పైవీధి, ఒకరిది కిందివీధి. ఎలక్షన్ ఎలక్షన్‌కూ జెండాలు మారేవి గానీ వీధుల నడుమ పగ మారేది కాదు. గంగులయ్య నాయన పోలయ్యను చంపినోళ్లలో సంజీవయ్య నాయన ఒకడు. జైల్లోనే రోగం తగిలి ఆయనా పోయినాడు.

పోలయ్య చావుకు బొంత మాట వినకపోవడమే కారణమని గంగులయ్య తల్లి రామసుబ్బమ్మ ఇప్పటికీ అంటుంది, ఊరు ఇడిసి ప్రొద్దుటూరులో కొడుకు దగ్గర ఉంటున్నా. ఆమె అత్త కుట్టిన పాత చీరల బొంత అది. పరిచిన చోట ప్రాణభయం లేకుంటే ఒళ్లు సాచి పడుకుంటుంది. ఉంటే మూలలు లేపి, చాపలాగా చుట్ట చుట్టుకుంటుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పక్కింటి హజరాబీ కూతురికి సంబంధం చూసేటప్పుడు దాన్నే అడిగి తీసుకపోయి, పెండ్లికొడుకు ఇంట్లో పరిచి చూసినాకే నిఖా ఖాయం చేసుకునింది.

పోలయ్య కోర్టు వాయిదాకని పులివెందులకు పోయి చుట్టాలింట్లో దిగినాడు. బొంత చుట్టుకునింది. ఇంటోళ్లు ఏమనుకుంటారో అని సిగ్గుపడి, నాలుగు మూలల మీదా రాళ్లు పెట్టి పండుకున్నాడు. ఆయన ఆడ ఉన్నాడని పగోళ్లకు సొంతోడే ఎవడో చెప్పినాడు. తెల్లారి మంచం మీద పీనుగే మిగిలింది. రామసుబ్బమ్మ ఆయన గళ్లచొక్కాను బొంతకు అతుకు వేసింది. ఆ మూల మాత్రం ఆనాటి నుంచి ఎక్కడ పరిచినా లేచే ఉంటుంది.

సెట్టి గొలుసులల్లే మిషన్ కొన్నాడు. అది ఇటలీలో విచెంజా అనే పాత పట్నంలో తయారైంది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఇద్దరు పోవాలన్నారు. చెయ్యి తిరిగినోళ్లు ఆ ఇద్దరే.

బయలుదేరే ముందు చిన్నాయన నాగప్ప వచ్చి గంగులయ్యను పెరట్లోకి పిలిచినాడు.

"ఆడ ఏం చేయొద్దురా. తిరిగొచ్చినాక ఆ సంజీవగాడు మనకు భయపడి ఊరికి పోడు, యాడనో ఒకచోట పండుకుంటాడు. ఆ చోటు నాకు చెప్పు. అంతే. మీ నాయన్ను అట్లే గదా చూపిచ్చినారు."

గంగులయ్య ఊ అనలేదు, ఊహూ అనలేదు. నాగప్పకు అది చాలింది.

రామసుబ్బమ్మ బొంతను మడిచి కొడుకు చేతికిచ్చింది. "దిగే చోటు ఇదే చెప్తాది నాయనా. సిగ్గుపడాకు."

విచెంజాలో రైలు దిగేసరికి లూచియా అనే పిల్ల కంపెనీ తరఫున వచ్చి ఉంది. ఉండడానికి మూడు చోట్లు చూసిపెట్టింది, నచ్చింది తీసుకోమంది. ఐటీఐ చదివిన సంజీవయ్యకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. మాట్లాడడం వాడి పనైంది.

మొదటిది స్టేషన్ ఎదురుగా పెద్ద హోటలు. గంగులయ్య మంచం చూడలేదు, తలుపులు చూసినాడు.

"ఒకటే వాకిలి. కిటికీ రోడ్డు మీదికి. ఎవుడన్నా వస్తే యాడికి దూకాల?"

"ఈడ మనకోసం ఎవుడొస్తాడప్పా? వీసా తీసుకోని రావాల గదా," అన్నాడు సంజీవయ్య.

గంగులయ్య నవ్వలేదు. బొంత పరిచినాడు. నాలుగు మూలలూ లేచి చుట్టుకున్నాయి. లూచియా దాన్ని ఎత్తి దుమ్ము దులిపి అతని చేతికిచ్చి, ఇంకొక చోటు చూద్దాం రమ్మన్నట్టు ముందు నడిచింది.

రెండోది పెద్ద చౌకు మీదికి తెరుచుకునే గది. కింద తెల్లరాతి మండపం, రెండు ఎత్తైన రాతి స్తంభాలు, ఒకదాని మీద రెక్కల సింహం. సంజీవయ్య వసారాలో నిలబడి నోరు తెరుచుకుని చూసినాడు. అంతలో నెత్తిన బాంబు పడినట్టు గోపురం గంటలు మోగినాయి. ఇద్దరూ ఒక్కసారిగా గోడకు ఒరిగి కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీధులు వేరైనా ఇద్దరి భయమూ ఒకటే. మంచం మీద బొంత అప్పటికే చుట్టుకుని ఉంది.

మూడోది ఏటి వంతెన అవతల సందులో ఒక ముసలామె ఇల్లు. ముందొక వాకిలి, వంటింట్లోంచి పెరట్లోకి ఇంకొకటి. గంగులయ్యకు ప్రాణం కుదుటపడింది.

"ఈమెది ఏ పార్టీనో అడుగు."

సంజీవయ్య అడిగినాడు. లూచియా ముసలామెకు ఏం చెప్పిందో గానీ, ఆమె గోడ మీది ఫోటో చూపించింది. మొగుడంట. పోయినాడంట. తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి మొక్కజొన్న పిండితో కలియబెట్టిన పచ్చని ముద్ద పళ్లేల్లో పెట్టింది. గంగులయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయినాడు.

"ఇది సంగటేరా."

"నంజుకోను ఊరిబిండి పచ్చడి ఉంటే ఊర్లో ఉన్నట్టే," అన్నాడు సంజీవయ్య. ఇన్నేండ్లలో వాళ్లు పనిమాట కాకుండా వేరే మాటాడుకోవడం ఆ పొద్దే.

రెండు వాకిండ్లున్న ఇల్లు, సంగటి పెట్టిన తల్లి. అయినా గదిలో పరిస్తే బొంత చుట్టుకునింది. గంగులయ్య మళ్లీ పరిచినాడు. మళ్లీ చుట్టుకునింది. ఇంత పెద్ద పట్నంలో తలపెట్టుకోను ఒక్క చోటు లేదా అని దిగులుపడి కూలబడినాడు. అప్పుడు చూసినాడు. బొంత గోడకు భయపడి చుట్టుకోవడం లేదు, కిటికీకి భయపడీ కాదు. సంజీవయ్య అటు చివర కూర్చుంటే ఆ పక్క మెత్తగా ఆనే ఉంది. తన పక్కనుంచి, తను చెయ్యి ఆనించిన చోటునుంచి ముడుచుకుంటూ పోతాంది.

గంగులయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సంజీవా, మనం తిరిగి పోయినాక నువ్వు యాడ పండుకుంటావో చెప్పమన్నాడు మా చిన్నాయన."

సంజీవయ్య తల ఎత్తలేదు. "ఇట్లాంటిదేదో ఉంటాదని తెలుసులేప్పా. ఊరు ఇడిసినప్పటి నుంచి కన్ను మూయలా నేను. విమానంలో గూడా."

"నేను చెప్పను."

ఆ మాట నోట్లోంచి వచ్చీరాకముందే బొంత మెల్లగా విప్పుకుని మంచం నిండా పరుచుకునింది. గళ్లచొక్కా మూల ఒకటే లేచి ఉంది. సంజీవయ్య అట్లే పక్కకు ఒరిగి, చెప్పులన్నా విడవకుండా నిద్రపోయినాడు. గంగులయ్య అతని కాళ్ల చెప్పులు తీసి మంచం కింద పెట్టినాడు.

మిషన్ పని నేర్చుకుని ఇద్దరూ బొంబాయి మీదుగా వచ్చి ముద్దనూరులో రైలు దిగినారు. స్టేషన్ బయట చింతచెట్టు కింద జీపు, జీపులో నాగప్ప, ఆయన మనుషులు. సంజీవయ్య నీళ్లు తాగను కొళాయి దగ్గరికి పోయినాడు.

"ఈ పొద్దు యాడ పండుకుంటాండు?" అన్నాడు నాగప్ప.

"మా ఇంట్లో చిన్నాయనా. అమ్మ బొంత మీద."

నాగప్ప అతన్ని చూసినాడు, అతని చంకలోని బొంతను చూసినాడు. అన్న చొక్కా గళ్లు కనిపించినాయి. ఆ బట్ట మీద తల పెట్టుకున్నోని మీద కత్తి ఎత్తడమంటే అన్న మీద ఎత్తడమే. ఆయన మొహం పక్కకు తిప్పుకుని, బండి తియ్యిరా అన్నాడు.

ప్రొద్దుటూరులో రామసుబ్బమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఎవరని అడగలేదు.

"అచ్చం వాళ్ల నాయన మాదిరే ఉండాడు," అనింది.

సంజీవయ్య గడప బయటే ఆగిపోయినాడు. "పోతాలే పెద్దమ్మా."

ఆమె కొడుకు చేతిలోని బొంత తీసుకుని నడిమింట్లో పరిచింది. ముగ్గురూ నిలబడి చూసినారు. మూడు మూలలూ నేలకు ఆనినాయి. పులివెందుల నాటినుంచి లేచే ఉన్న గళ్లచొక్కా మూల కొంచెంసేపు అట్లే ఉండి, తర్వాత అదీ మెల్లగా వాలి పండుకునింది.

రామసుబ్బమ్మ వంగి ఆ మూలను అరచేత్తో ఒకసారి తడిమింది. మోకాళ్లు పట్టుకుని లేచి వంటింటి దిక్కు నడిచింది.

"లోపలికి రా నాయనా. సంగటి చల్లారిపోతాంది."