ట్యాంకులో ఆగిన పాట

మా అక్క భర్తా నేనూ కలిసి ఫ్యాక్టరీల ట్యాంకులు కడుగుతాం. లోపలికి దిగినవాడు పాడుతూనే ఉండాలి. పాట ఆగితే పైనున్నవాడు అతని నడుముకు కట్టిన తాడు లాగెయ్యాలి. విషవాయువు చెప్పి రాదు కాబట్టి పదేళ్లుగా మాకిదే కట్టుబాటు.

ఆ ఉదయం బావ అడుగున బురద గోకుతూ తనకిష్టమైన పాట ఎత్తుకున్నాడు. "వెన్నెల వీణలు" అనగానే నేను పైనుంచి అరిచాను.

"వీణలు కాదు బావా, వానలు!"

"చెవుల్లో దూది పెట్టుకున్నావేంట్రా? వీణలే!"

"వెన్నెల్లో వీణలెవరు మోసుకొస్తారు బావా?"

పాట ఆగింది.

అలిగాడనుకున్నాను. మొన్న ఇంటి దగ్గర కూడా ఇలాగే మూతి ముడుచుకుని గంటసేపు పలకలేదు. నవ్వుకుంటూ కూర్చున్నాను. పార చప్పుడు కూడా లేదని తట్టేసరికి అంచు మీదికి వంగి అరిచాను.

"బావా! వీణలే, ఒప్పుకున్నా! పలుకు!"

నా గొంతే తిరిగొచ్చింది. కప్పీ మీద తాడు లాగాను. మనిషి బండరాయిలా పైకొచ్చాడు. అక్క మొహం కళ్లముందు ఆడింది.

పడుకోబెట్టి, తాడు వదలకుండానే ఒక చేత్తో చెంపలు వాయించాను. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎంతసేపటికో దగ్గు వచ్చింది.

"అలిగాననుకున్నావు కదరా?" అన్నాడు.

తాడు వదలమని బావ అంటున్నా నా వేళ్లు విడిపోలేదు.