కార్డు కనబడటం లేదు, చిన్నదాన్ని పిలువు

మా అమ్మకు కంప్యూటర్ చెడితే సంతోషం. కోపంతో అంటున్నానని అనుకోవచ్చు, కోపంతోనే అంటున్నాను. పొద్దున్నే పక్క వీధిలోంచి వచ్చి అమ్మ ఫొటో స్టూడియో షట్టరు ఎత్తేది నేను. లైట్లు తుడిచేది నేను. ఏడ్చే పిల్లల ముందు గిలక్కాయ ఆడించి పాస్‌పోర్టు ఫొటోకు కుదురుగా కూర్చోబెట్టేదీ నేనే. కానీ కెమెరా కార్డులోని ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించే కార్డు రీడర్ మొరాయించిందంటే చాలు, అమ్మ ముఖం వికసిస్తుంది. నా వైపైనా చూడకుండా, "కార్డు కనబడటం లేదు, చిన్నదాన్ని పిలువు," అంటుంది.

చిన్నదంటే నా చెల్లెలు. బస్టాండుకు అవతల కాపురం, ఏదో ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం. మా పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని దాంట్లో లైనక్స్ ఎక్కించింది అదే. ఎక్కించి, "ఇంక దీనికేమైనా అయితే నాకే చెప్పండి," అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఊరికే రావడం మానేసింది. రీడర్ చెడితేనే వస్తుంది.

వచ్చినప్పుడు చూడాలి ఆ వైభోగం. అమ్మ తన కుర్చీ దానికిస్తుంది. ఫ్యాను దాని వైపు తిప్పుతుంది. నేను టీ పెట్టి తెస్తే, "చక్కెర తక్కువేశావేం, దానికి తీపి ఉండాలి," అంటుంది. నాకేం ఉండాలో ఆవిడకు ఈ జన్మలో గుర్తుండదు. మహారాణి మాకు వీపు పెట్టి కూర్చుంటుంది. రీడర్లోంచి కార్డు తీసి, ఊది, తుడిచి, మళ్ళీ పెట్టి, నల్లటి తెర మీద టకటకా ఏదో కొడుతుంది. ఫొటోలు వచ్చేస్తాయి. "నా తల్లే," అంటుంది అమ్మ. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

ఎంతకాలమని చూస్తూ ఊరుకుంటాను? చెల్లెలు కొట్టే అక్షరాలను వెనక నిలబడి చూసి బట్టీ పట్టాను. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఒక్కొక్కటే కొట్టి, అది ఏం జవాబిస్తుందో చదువుకున్నాను. ఒక ఆజ్ఞ కొడితే కంప్యూటర్‌కు ఏమేం తగిలించామో చెబుతుంది. ఇంకోటి కొడితే లోపల ఎన్ని డిస్కులున్నాయో, ఒక్కోదానిలో ఎంత జాగా ఉందో చెబుతుంది. ఇంత మాత్రం విద్యకా అంత మర్యాద అని ఒళ్ళు మండిపోయింది.

నిన్న మళ్ళీ చెడింది. నేను చూస్తానన్నాను.

"నీకెందుకే, అది చెయ్యి పెడితే గాని పలకదు," అంది అమ్మ. అప్పటికే ఫోను చెవి దగ్గరుంది. చెల్లెలు వస్తానన్నట్టుంది, అమ్మ గబగబా జుట్టు సర్దుకుంటూ చీర మార్చుకోవడానికి వెనక గదిలోకి వెళ్ళింది. నా కోసం ఎప్పుడైనా చీర మార్చిందా?

నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. అది వచ్చేలోగా బాగు చేసి, గుమ్మంలోంచే వెనక్కి పంపాలి. ఈసారి అమ్మ నోట ఆ "నా తల్లే" అనే మాట నేను అనిపించుకోవాలి.

మొదటి ఆజ్ఞ కొట్టాను. రీడర్ జాబితాలో ఉంది. అంటే వైరు బాగానే ఉంది. రెండోది కొట్టాను. డిస్కు పేరు ఉంది గానీ జాగా సున్నా. రీడర్ నోరు తెరుచుకుని ఉంది, నోట్లో ఏమీ లేదంటోంది. సొరుగులోంచి పాత కార్డు ఒకటి తీసి పెట్టాను. వెంటనే కనబడింది, దానిలోని ఫొటోలూ తెరుచుకున్నాయి. అయితే రీడర్‌కు ఏ రోగమూ లేదు, తప్పంతా ఈ కార్డుదే.

కార్డును దీపం కిందికి తెచ్చి, ఫొటోలకు మెరుగులు దిద్దే భూతద్దం పెట్టి చూశాను. రీడర్‌కు తగిలే బంగారు రంగు పళ్ళ మీద, కార్డు వెనక, ఏదో మెరిసింది. గోటితో గీరితే లేచింది. పారదర్శకమైన టేపు ముక్క, ఆ పళ్ళను సరిగ్గా కప్పేసేటట్టు కత్తిరించి ఉంది. నాలుగు మూలలూ గుండ్రంగా ఉన్నాయి.

మా అమ్మ ఏది కత్తిరించినా మూలలు గుండ్రంగా తిప్పుతుంది. ఇన్నేళ్ళు ఫొటోలు కత్తిరించిన చెయ్యి, మందుబిళ్ళల అట్టనైనా అలాగే కత్తిరిస్తుంది.

గిరాకీ ఉన్న రోజున ఈ రీడర్ ఒక్కసారీ చెడలేదని అప్పుడు తట్టింది. చెల్లెలు మాకు వీపెందుకు పెడుతుందో కూడా తట్టింది. అమ్మ అతికిస్తుంది, చెల్లెలు ఊడబీకుతుంది, మధ్యలో నేను టీలు మోస్తాను. ఇద్దరూ ఒక్క మాటైనా అనుకోకుండా ఇంత చక్కగా ఆడుకుంటున్నారు. నన్నెవరూ ఆటలో చేర్చుకోలేదు.

మళ్ళీ అతికించి, ఏమీ ఎరగనట్టు ఊరుకోవచ్చు. మంచి కూతురైతే అదే చేసేది. నేను టేపు ముక్కను నలిపి పారేసి, కార్డు పెట్టి, ఫొటోలు తెర నిండా పరిచి, "అమ్మా, వచ్చేశాయి," అని కేకేశాను.

అమ్మ కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చింది. తెర చూసింది, నన్ను చూసింది. "నువ్వే చేశావా?" అంది. "మంచిదే." "నా తల్లే" మాత్రం రాలేదు. ఫోను తీసి, "బయల్దేరావా? రానక్కర్లేదులే, అక్క బాగుచేసింది," అని చెప్పింది. అవతల చెల్లెలు, "హమ్మయ్య, నాకూ పని ఎక్కువుంది, మళ్ళీ చెడితే చెప్పు," అనడం నాకు వినిపించింది. అమ్మ ఇస్త్రీ చీరలో బెంచీ మీద కూర్చుండిపోయింది.

గెలిచినదాన్ని నేనే. అయినా నోరు ఊరుకోలేదు. "ఇంత నాటకం దేనికమ్మా? రమ్మంటే రాదా అది?"

ఆవిడ సిగ్గుపడలేదు, బుకాయించలేదు. "మిషను చెడిందన్నాక రాకపోతే, పాపం తీరిక లేదేమోలే అనుకుంటాను. నిన్ను చూడాలనుంది రావే అన్నాక కూడా రాకపోతే, అప్పుడేమనుకోమంటావు?"

నేను వదల్లేదు. "నన్నెప్పుడైనా అలా పిలిచావా?"

"నిన్ను పిలవడమేమిటే?" అంది నిజంగానే ఆశ్చర్యపోతూ. నా చెయ్యి పట్టుకుని నిమిరింది. "నువ్వెక్కడికి పోతావు?"

ప్రేమగానే అంది. అందుకే నాకు ఇంకా కుళ్ళుగా ఉంది. నేను రానేమోనని మా అమ్మ ఒక్క పూటైనా భయపడలేదు. ఆ భయం చెల్లెలికి దక్కింది, నాకు దక్కలేదు.