గొడుగు కింద లెక్కల క్లాసు

మా ఊరు తర్లగూడలో ఫోను సిగ్నల్ నీడలేని వంతెన మీదే దొరుకుతుంది. చురుకైన పిల్లలకు పై తరగతి లెక్కలు చెప్పే ఆన్‌లైన్ క్లాసుకు మా రజిత అక్కడే కూర్చుంటుంది. ఎండకు ఫోను ఆగిపోకుండా నేను వెనక గొడుగు పట్టుకుంటాను.

ఇవాళ రజిత అందరికంటే ముందు జవాబు చెప్పింది. ఫోనులో మేడం మొహం చిట్లించింది.

"వెనక నిలబడి జవాబులు అందిస్తున్నదెవరు?"

"మా అమ్మ మేడం. గొడుగు పట్టింది."

"ఆమెను పంపిస్తావా, నిన్ను క్లాసులోంచి తీసెయ్యనా?"

నాకు ఒళ్లు మండింది. "ఏంది మేడం, నాకే లెక్కలొస్తే ఈ ఎండల ఎందుకు నిలబడ్త?"

"అమ్మా, నువ్వు పో" అంది రజిత ఏడుపు గొంతుతో. గొడుగు మూసి పక్కకు వెళ్లాను.

కాసేపటికే ఫోను వేడెక్కి ఆగిపోయింది. చల్లారాక తెరిస్తే, క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేలా మేడం రాసింది: "తల్లి పోగానే పిల్ల క్లాసు వదిలి పారిపోయింది. చూశారా?"